ఏం కాలేదుగా

ఏమీ జరగనందుకు కోప్పడటం ఎంత కష్టమో రూల్సక్కకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఏదైనా జరిగితే నోరు చేసుకోవచ్చు. నలుగురూ తలొంచుకుని వింటారు. కానీ ఏమీ జరగలేదే! పడవ వెళ్తోంది, వస్తోంది. నీళ్లలోకి దిగినవాళ్లు దిగినట్టే పైకి తేలుతున్నారు, ఫోటోలు దిగుతున్నారు, చెయ్యూపి వెళ్లిపోతున్నారు. ఇంక ఎవరి మీద అరవాలి, ఏమని అరవాలి?

రూల్సక్క అన్నది తమ్ముడు సరదాకి పెట్టిన పేరు. మొదట్లో ముద్దుగానే ఉండేది. ఈ మధ్య దాన్ని పలికే తీరులో తేడా వచ్చింది. 'అమ్మో, రూల్సక్క వస్తోంది' అని ఒకరు అంటే, ఇంకొకరు దొంగనవ్వు నవ్వి చేతిలో పని కాస్త సర్దుకోవడం మొదలైంది. ఆమె ఇరవై రెండేళ్లుగా జనానికి సముద్రంలోకి దిగడం, అక్కడ ఊపిరి పీల్చడం, క్షేమంగా పైకి రావడం నేర్పుతోంది. తమ్ముడికి నేర్పింది కూడా ఆమే. ఆ తర్వాత తమ్ముడు పడవ కొన్నాడు, రేవుకి వెళ్లే వీధి చివర రెండు గదులు తీసుకుని స్కూబా డైవింగ్ స్కూలు పెట్టాడు, అందరికీ కెప్టెన్ అయిపోయాడు. అక్క మాత్రం అక్కగానే మిగిలింది.

ముందు గదిలో కౌంటరు. అక్కడ తమ్ముడి భార్య కూర్చుని, వచ్చినవాళ్ల చేత కాగితాల మీద సంతకాలు పెట్టిస్తుంది. వెనక గదిలో సిలిండర్లలోకి గాలి ఎక్కించే కంప్రెసర్, దాని పక్కనే స్టూలు మీద గాలిబాబాయ్. ఆయన పని గాలి నింపడం కాబట్టి ఆ పేరు. ఆ మోతకి ఆయన చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. ఆ గదిలో ఎప్పుడూ తడి రబ్బరు వాసన. గోడ మీద రూల్సక్క స్వయంగా రాసి పెట్టిన బోర్డు ఒకటుంది, పదిహేను నియమాలు. దాని ముందు ఎవరో తీగ కట్టి, తడిసిన డైవింగ్ సూట్లు ఆరేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు బోర్డులో చివరి మూడు నియమాలే కనిపిస్తాయి, అవి కూడా సూట్ల కాళ్ల సందుల్లోంచి.

ఆ తీగ తీయించడానికి ఆమె రెండుసార్లు పోట్లాడింది. రెండుసార్లూ తీశారు. రెండుసార్లూ వానాకాలం వచ్చి, ఆరేసుకోవడానికి చోటులేక మళ్లీ కట్టారు. మూడోసారి ఆమెకే ఓపిక లేకపోయింది.

అసలు ఏదీ ఒక్కరోజులో పోలేదు. అదే ఆమె కడుపుమంట. ఒక్కరోజులో పోయి ఉంటే అడ్డంపడి ఆపేది. నీళ్లలో దిగేముందు పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి అన్నీ వివరించి చెప్పడం అలవాటు. అది పది నిమిషాలైంది, ఐదైంది, చివరికి 'నిన్న చెప్పినట్టే' దగ్గర ఆగింది. నిన్న లేనివాళ్లు కూడా తలూపేవాళ్లు. పడవ కింద ఐదు మీటర్ల లోతున తాడుకి ఒక అదనపు సిలిండర్ వేలాడదీయాలి. కింద గాలి అయిపోయి ఎవరైనా పైకి వస్తే అందుకోవడానికన్నమాట. ఒకరోజు ఆ తాడు ఇంజను రెక్కకి చుట్టుకుంది. దాన్ని విప్పడానికి గంట పట్టింది. 'ఇవాళ్టికి వద్దులే అక్కా' అన్నాడు తమ్ముడు. ఆ ఇవాళ ఇంకా గడవలేదు. ఇక ప్రమాదం జరిగితే ప్రథమచికిత్సకి వాడే ఆక్సిజన్ పెట్టె. పడవలో దాని చోటులో కూల్‌డ్రింకుల ఐస్‌పెట్టె చేరింది. ఆక్సిజన్ పెట్టె బల్ల కిందికి పోయింది, కాళ్లకి తగులుతోందని మూలకి పోయింది. ఆ తర్వాత ఒక్కోసారి పడవలో ఉండేది, ఒక్కోసారి ఒడ్డున ఉండేది.

ఆమె గొడవ పెట్టుకున్న ప్రతిసారీ తమ్ముడి జవాబు ఒక్కటే.

"ఏం కాలేదుగా అక్కా!"

ఆ మాట వింటే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఎందుకంటే దానికి జవాబు లేదు. నిజంగానే ఏమీ కాలేదు మరి. నిన్న తాడు లేకుండా వెళ్లారు, ఏమీ కాలేదు. కాబట్టి ఇవాళ తాడు అక్కర్లేదు. వాడికి అదే లెక్క, అదే రుజువు. 'అవుతుంది రా, ఒకరోజు అవుతుంది' అంటే, తమ్ముడు నవ్వి, "నీ నోటితో అలా అనకు అక్కా, అపశకునం" అనేవాడు. నియమాలు పాటించనివాడికి శకునాలు మాత్రం కావాలి!

అన్నిటికంటే ఆమెకి ప్రాణం విసిగింది జంట పరీక్ష విషయంలో. డైవింగులో ఇద్దరిద్దరు జంటగా దిగుతారు. నీళ్లలో ఒకరి ప్రాణానికి ఒకరు పూచీ. దూకేముందు ఒకరి సామాను ఒకరు పై నుంచి కింద దాకా తడిమి చూసుకోవాలి. నీళ్లలో తేల్చే జాకెట్‌లోకి గాలి ఎక్కుతోందా, బరువుల బెల్టు సరిగా ఉందా, బకిల్సు పెట్టారా. తర్వాత నోట్లో గొట్టం పెట్టుకుని, సిలిండర్లో గాలి ఎంతుందో చూపే గేజీ మీద ముల్లు చూస్తూ నాలుగుసార్లు గట్టిగా పీల్చాలి. ముల్లు కదలకుండా ఉంటే సిలిండర్ వాల్వు పూర్తిగా తెరిచినట్టు. పీల్చినప్పుడల్లా ముల్లు ఊగితే ఎక్కడో తేడా ఉన్నట్టు. చివర్న రెండో గొట్టం. పసుపుపచ్చగా ఉంటుంది, ఛాతీ మీద క్లిప్పుకి తగిలించి ఉండాలి. అది మనకోసం కాదు, జంటవాళ్ల కోసం. వాళ్లకి గాలి ఆడకపోతే, కళ్లు మూసుకుని చెయ్యి చాచినా దొరకాలి. ఇదంతా చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇప్పుడు వెనక నుంచి సిలిండర్ మీద ఒక చరుపు చరిచి "ఓకేనా?" అంటారు. "ఓకే" అని అవతలివాళ్లు దూకేస్తారు. తూతూమంత్రంలో కూడా కనీసం మంత్రం ఉంటుంది, ఇందులో అదీ లేదు.

ఆ రోజు పొద్దున మాత్రం ఆమెకి కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. తమ్ముడి కూతురు మొదటిసారి లోతుకి దిగుతోంది. పదిహేడేళ్ల పిల్ల, వాగుడుకాయ. నిద్రలో కూడా మాట్లాడుతుందని వాళ్లమ్మ అంటుంది, అందుకే అందరూ 'పిట్ట' అంటారు. నాలుగు నెలలు ఈతకొలనులో అత్త దగ్గరే నేర్చుకుంది. అత్త ఏం చెబితే అది అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. లోకంలో రూల్సక్క మాట చాదస్తం అనుకోని మనిషి ఆ పిల్ల ఒక్కతే.

కౌంటరు వెనక మరదలు సంతకాల కాగితాలు సర్దుతూ గొంతు తగ్గించింది. మరదలికి సముద్రమంటే చచ్చేంత భయం. ఇన్నేళ్లలో మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగలేదు.

"వదినా, ఆయన మాట మీద పంపించట్లేదు. ఆయనకి అన్నీ తేలికే. మీరు పక్కనుంటారని పంపిస్తున్నా."

"నా జంటగానే దిగుతుంది. చెయ్యి వదలను. సరేనా?"

"మీరు చెప్పారంటే సరే."

రూల్సక్క పెన్ను కోసం కౌంటరు సొరుగు లాగింది. పెన్ను పక్కనే చిన్న ప్లాస్టిక్ సంచిలో కొత్త క్లిప్పు కనిపించింది. ఆమె పసుపు గొట్టం తగిలించుకునే క్లిప్పు విరిగి మూడు వారాలైంది. మొదటివారం రబ్బరు వలయంతో కట్టుకుంది. అది కూడా తెగిపోయాక, గొట్టం కిందకి వేలాడుతోందని మడిచి జాకెట్ జేబులో కుక్కి, పైన పట్టీ అంటించేసింది. ఇది బిగించుకోవాలి అనుకుంది. పెన్ను తీసుకుని సొరుగు మూసింది. అవతల తమ్ముడు "అక్కా, అతిథులు ఎండలో నిలబడ్డారు!" అని కేకేస్తున్నాడు.

పడవలో ఆరుగురు అతిథులు, తమ్ముడు, గాలిబాబాయ్, తను, పిట్ట. సముద్రం అడుగున ఉన్న బండ దగ్గరికి పావుగంట ప్రయాణం. పిట్ట నోటికి తాళం లేదు. "పద్దెనిమిది మీటర్లంటే ఆరంతస్తుల మేడ కదా అత్తా? చేపలు మన మొహంలోకి చూస్తాయా అత్తా? నాకు తుమ్మొస్తే ఏం చెయ్యాలి అత్తా?" అత్త ఊకొడుతూనే కళ్లతో పడవంతా వెతుకుతోంది. బల్ల కింద చూసింది. మూల చూసింది. ఐస్‌పెట్టె తెరిచి కూడా చూసింది.

"ఆక్సిజన్ పెట్టె ఏదిరా?"

తమ్ముడు లంగరు తాడు వదులుతూ నీళ్లు నమిలాడు. "ఒడ్డున ఉందక్కా. రేపు సర్వీసుకి పంపాలి కదా, అందుకని..."

"రేపు పంపేదానికి ఇవాళ దింపేశావా? నీ కూతురు దిగుతున్న రోజున!"

"పావుగంట దూరమేగా. అవసరమైతే ఎగిరి వెళ్లి తెస్తాం."

"అవసరమైనవాళ్లు పావుగంట ఆగుతారా? ఆగండి బాబూ, ఎగిరి వస్తున్నామని చెబుతావా వాళ్లకి?"

"అక్కా, జనం చూస్తున్నారు."

"చూడనీ! వాళ్లక్కూడా తెలియాలిగా!"

అతిథుల్లో ఒకాయన మొహం పాలిపోయింది. తమ్ముడు ఆయన వైపు చూసి గట్టిగా నవ్వేసి, "మా అక్క అంతేనండీ, ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టినా హెల్మెట్ పెట్టుకుంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె పళ్లు నూరుకుంది. తనని వెర్రిదాన్ని చేసి వాళ్ల భయం పోగొట్టడం వాడికి వెన్నతో పెట్టిన విద్య.

ఈ గొడవలోనే సామాను తొడుక్కోవడాలు అయిపోయాయి. గాలిబాబాయ్ వరసగా అందరి సిలిండర్ల వాల్వులు తిప్పేశాడు. నియమం ప్రకారం ఎవరి వాల్వు వాళ్లో, వాళ్ల జంటవాళ్లో తిప్పాలి. మూడో మనిషి చెయ్యి పెట్టకూడదు. కానీ ఆయన తిప్పితే తొందరగా అవుతుంది, ఆయన చేతికి బలం ఉంది, అలా అదొక ఆనవాయితీ అయింది. ఆయన వెనకే తమ్ముడు కూడా ఒక చుట్టు తిరిగి, కూతురి సిలిండర్ దగ్గర ఆగి, ప్రేమకొద్దీ తనూ ఒకసారి తిప్పి చూసి, బిడ్డ భుజం తట్టి వెళ్లాడు. రూల్సక్క ఇదేదీ చూడలేదు. పిట్ట ముందు నిలబడిందే గానీ మనసంతా వెనక తమ్ముడి నవ్వు మీదే ఉంది.

"గాలి చూసుకున్నావా?"

"చూశానత్తా. రెండొందలు, నిండుగా ఉంది."

"పీల్చావా?"

"పీల్చా. వస్తోంది."

"బాబాయ్, లంగరు చూడు!" అని వెనక్కి తిరిగి ఇంకో కేక వేసింది రూల్సక్క. మళ్లీ ఇటు తిరిగి పిట్ట సిలిండర్ మీద ఒక చరుపు చరిచింది.

"ఓకేనా?"

"ఓకే అత్తా!"

ఇద్దరూ దూకారు.

లోపల అంతా బాగుంది. అది చెప్పకపోతే తప్పు. పిట్ట నోరు మూసుకున్నది పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలేమో. బండ చుట్టూ పసుపు చారల చేపలు గుంపులుగా తిరుగుతుంటే కళ్లింత చేసుకుని చూస్తోంది. అత్త మోచెయ్యి పట్టుకుని అటు చూడు, ఇటు చూడు అని లాగుతోంది. ఆరు మీటర్లు, పది, పద్నాలుగు. రూల్సక్క కోపం కూడా కాస్త చల్లబడింది. తమ్ముడు అతిథుల్ని తీసుకుని బండకి అవతలి వైపు వెళ్లిపోయాడు.

పద్దెనిమిది మీటర్ల దగ్గర పిట్ట ఆగింది. ఒకసారి పీల్చింది. ఇంకోసారి. అత్త వైపు తిరిగింది. అద్దం వెనక కళ్లు పెద్దవయ్యాయి, ఈసారి చేపల్ని చూసి కాదు. అరచెయ్యి మెడకి అడ్డంగా పెట్టి రెండుసార్లు ఊపింది. గాలి లేదు.

రూల్సక్క పిల్ల వైపు చెయ్యి చాచబోయింది. కానీ పిల్లే ముందు కదిలింది. నేర్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా, అత్త దగ్గరికి వచ్చి చెయ్యి చాచి ఆమె ఛాతీ మీద తడిమింది. అక్కడ ఏమీ లేదు. కాస్త పక్కకి తడిమింది. లేదు. ఇంకా కిందికి తడిమింది. అప్పుడు ఆ కళ్లలో కనిపించినదాన్ని రూల్సక్క బతికినంతకాలం మర్చిపోదు. పిట్ట రెండు చేతులతో ఎదురుగా కనిపిస్తున్న ఒకే ఒక్క గాలి గొట్టాన్ని పట్టుకుంది. అది అత్త నోట్లో ఉంది. లాగేసుకుని తన నోట్లో పెట్టుకుంది.

పిల్లకి ఊపిరి అందింది. అది చూశాకే ఆమె తన జేబు వైపు చెయ్యి పోనిచ్చింది. పట్టీ ఊడింది. గొట్టం రాలేదు. వేలాడకుండా ఉండాలని రెండు మడతలు పెట్టి తనే కుక్కింది కదా, అది లోపల బిగుసుకుని కూర్చుంది. ఊపిరి బిగబట్టకూడదు, చిన్న చిన్న బుడగలు వదులుతూ ఉండాలి. ఇరవై రెండేళ్లుగా ఎంతమందికి నూరిపోసిందో ఆ మాట. వదిలింది. బుడగలు అయిపోయాయి. జేబు కుట్లు పటపటలాడేలా లాగింది. పసుపు గొట్టం బయటికొచ్చింది. నోట్లో పెట్టుకుంటే ఇసుక, ఉప్పునీళ్లు. ఊదేసి, పీల్చింది.

తర్వాత చేతులు వాటంతటవే పనిచేశాయి. పిట్ట జాకెట్ పట్టీ ఒక చేత్తో గట్టిగా పట్టుకుంది. పిల్ల గేజీ అందుకుని, ఆ పిల్ల వదిలేసిన గొట్టం మీట నొక్కి చూసింది. ముల్లు నూట ఎనభై దగ్గర నుంచి సున్నాకి పడిపోయింది, మీట వదలగానే మెల్లగా పైకి లేచింది. పిల్ల తల వెనక చెయ్యి పెట్టి వాల్వు తిప్పింది. అది తిరిగింది, ఇంకా తిరిగింది, తిరుగుతూనే ఉంది. పూర్తిగా తెరిచి ఉండాల్సిన వాల్వు పావు తిప్పు మాత్రమే తెరిచి ఉంది. పైన పడవలో నాలుగు ఊపిర్లకి ఆ గాలి చాలు. ఆరంతస్తుల లోతులో చాలదు. దూకేముందు ముల్లు చూస్తూ నాలుగుసార్లు పీల్పించి ఉంటే, అది ఊగడం అక్కడే కనిపించేది.

లంగరు తాడు పట్టుకుని నెమ్మదిగా పైకి వచ్చారు. నియమం ప్రకారం ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగారు. అదనపు సిలిండర్ వేలాడాల్సిన చోటు అదే. పిట్ట అత్త మెడ చుట్టూ చెయ్యి వేసి వదల్లేదు.

పడవ మీదికి లాగాక గాలిబాబాయ్‌కి సంగతి చెబితే ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను పూర్తిగా తిప్పానమ్మా. ఒట్టు. మొత్తం తిప్పా."

ఇరవై నిమిషాలకి తమ్ముడు అతిథులతో పైకి తేలాడు. విషయం విని ముందు నవ్వబోయాడు, కూతురి మొహం చూసి ఆగిపోయాడు. తన చేతిని తను చూసుకుంటూ గాల్లోనే తిప్పి చూసుకున్నాడు, ఇటా, అటా అని. పాత రోజుల్లో వాల్వు పూర్తిగా తెరిచి, బిగుసుకుపోకుండా పావు తిప్పు వెనక్కి తిప్పేవారు. ఆ అలవాటు వద్దని ఎప్పుడో చెప్పేశారు. ఎందుకంటే తెరిచి ఉన్నదాన్ని తెలియక ఇంకొకరు తెరుస్తున్నామనుకుని మూసే వైపు తిప్పి, పావు వెనక్కి తిప్పితే, పూర్తిగా మూసి పావు తెరిచినట్టవుతుంది. గోడ మీద బోర్డులో అది ఐదో నియమం. సూట్ల వెనక ఉంది.

"బిగుసుకుని ఉందేమో అనిపించి... నేనే తిప్పా" అన్నాడు. కాసేపు కూతుర్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, అలవాటుకొద్దీ అనేశాడు. "సరే. పోనీలే. ఏం కాలేదుగా."

అంతే. రెండేళ్లుగా ఆమె మనసులో తయారుచేసి పెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. స్నానం చేస్తూ, కూర తరుగుతూ, నిద్రపట్టక దొర్లుతూ ఎన్నిసార్లు చెప్పుకుందో, ఒక్కటీ తడబడలేదు.

"ఏం కాలేదా? నోరు మూసుకో! తాడు తీసేశావు, ఏం కాలేదన్నావు. ఆక్సిజన్ దింపేశావు, ఏం కాలేదన్నావు. చెప్పాల్సినవి చెప్పడం మానేశావు, చూడాల్సినవి చూడటం మానేశావు, అడిగినందుకు నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు. బాబాయ్, నువ్వూ అంతే! ఎవరు చెయ్యి పెట్టమన్నారు నిన్ను? ఒక్కరంటే ఒక్కరైనా నా మాట చెవిన పెట్టారా? నేనేమన్నా నా పెళ్లికి చెబుతున్నానా? ఒక్కో రూలు ఎందుకుందో తెలుసా మీకు?"

బిస్కెట్ నోటి దాకా తెచ్చిన అతిథి దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. గాలిబాబాయ్ కళ్లు తుడుచుకుంటున్నాడు. తమ్ముడు తలొంచుకున్నాడు, నిజంగా తలొంచుకున్నాడు. ఇన్నేళ్లకి విన్నారు. ఆమె ఇంకో ఊపిరి తీసుకుంది, చెప్పాల్సింది ఇంకా సగం ఉంది.

"సారీ అత్తా."

పిట్ట. తువ్వాల్లో చుట్టుకుని, పళ్లు కొట్టుకుంటూ.

"నువ్వెందుకే సారీ?"

"నీ నోట్లోది లాక్కోకూడదు కదా. నువ్వు ఎన్నిసార్లు చెప్పావు, పసుపుది తీసుకోవాలి, నోట్లోది ముట్టుకోకూడదని. నేను నువ్వు చెప్పిన చోటే వెతికానత్తా. మూడుసార్లు చూశా. నాకు దొరకలేదు. భయమేసి నీది లాగేశా. నీకు గాలి లేకుండా చేశా. సారీ అత్తా."

రూల్సక్క చెయ్యి తన ఛాతీ పట్టీ మీదికి పోయింది.

పసుపు గొట్టం ఆమె నడుము దగ్గర వేలాడుతోంది, చిరిగిన జేబు పక్కన. తమ్ముడు దాన్ని చూశాడు. క్లిప్పు లేని ఛాతీ పట్టీ చూశాడు. అతని మొహంలో గెలిచిన సంతోషం ఎక్కడా లేదు, అదే ఆమెకి మరీ భరించలేనట్టు అనిపించింది. లేచి వచ్చి పక్కన కూర్చుని, చాలా మెత్తగా, చిన్నప్పుడు తన మోకాలికి దెబ్బ తగిలితే ఆమె ఊదినట్టుగా అన్నాడు.

"పోన్లే అక్కా. క్లిప్పేగా. ఏం కాలేదుగా."

ఆ మాట అంత చల్లగా ఉంటుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. అవును, ఏం కాలేదు. పిల్ల ఎదురుగా కూర్చుని ఉంది. క్లిప్పు రేపు పెట్టుకోవచ్చు. వాల్వు మూసింది వాడు, తను కాదు కదా. ఒక్క క్షణం ఆమె ఆ మాటలో తల దాచుకుంది. ఆ ఒక్క క్షణంలోనే అర్థమైంది, రెండేళ్లుగా వీళ్లంతా ఎక్కడ ఉంటున్నారో. తాడు, పెట్టె, బోర్డు అని అరుస్తూ అరుస్తూ, తనూ 'ఏం కాలేదుగా' అనే ఆ ఇంట్లోనే ఒక గదిలో ఉంటోంది. మూడు వారాల నుంచి.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఈసారి తమ్ముడి మీద కాదు. గోడకేసి తల కొట్టుకుందామంటే పడవలో గోడ కూడా లేదు.

పడవ తిరిగి బయల్దేరింది. రేవు దగ్గరపడ్డాక తమ్ముడు ఇంజను చప్పుడు మాటున దగ్గరికి వంగాడు.

"అక్కా, పిట్ట వాళ్లమ్మకి చెప్పొద్దు. చెబితే పిల్లని జన్మలో నీళ్ల దగ్గరికి రానివ్వదు. నువ్వంటే దానికి గురి. నీ మీద కూడా నమ్మకం పోతుంది. ఎందుకు చెప్పు? రేపట్నుంచి అన్నీ చేద్దాం. తాడు, పెట్టె, అన్నీ. నామీద ఒట్టు."

వాడు అబద్ధం చెప్పట్లేదు. రేపు నిజంగానే అన్నీ చేస్తాడు. వారం చేస్తాడు. నెల కూడా చేస్తాడేమో.

ముందు గదిలో మరదలు కౌంటరు వెనక లేదు, గుమ్మంలోనే నిలబడి ఉంది, చేతిలో పొడి తువ్వాలుతో. ఎప్పుడు వచ్చి నిలబడిందో. కూతుర్ని పై నుంచి కిందికి చూసుకుంది, చెంపలు నిమిరింది. మొగుడి మొహం వైపు కూడా చూడలేదు. నేరుగా ఆడపడుచునే అడిగింది.

"ఎలా జరిగింది వదినా?"

"బ్రహ్మాండం!" అన్నాడు తమ్ముడు వెనక నుంచి. "చేపలు, అదీ ఇదీ... బ్రహ్మాండం. ఏం కాలేదు."

వాగుడుకాయ పిట్ట నేల చూపులు చూస్తోంది.

రూల్సక్క కౌంటరు వెనక్కి వెళ్లి సొరుగు లాగింది. ప్లాస్టిక్ సంచి తీసి, మరదలు ముందు బల్ల మీద పెట్టింది. పక్కన తన తడి జాకెట్ కూడా పెట్టింది. పసుపు గొట్టం కౌంటరు అంచు మీంచి కిందికి జారి, సంతకాల కాగితాల మీద నీళ్లు కార్చింది.

"అయింది" అంది. "కూర్చో, చెబుతా. పిల్లకి దెబ్బేమీ తగల్లేదు, భయపడకు. కానీ అయింది. ముందు నేను చేసింది చెబుతా, తర్వాత వీళ్లు చేసింది చెబుతా. మొత్తం విని, అప్పుడు నన్ను తిట్టు."

"అక్కా..." అన్నాడు తమ్ముడు.

"నువ్వు కూడా కూర్చో. బాబాయ్‌ని పిలు. వెనక గదిలో ఆ తీగ విప్పుకుని రమ్మను."

మరదలు తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్లు ఆ చిన్న సంచి మీదే ఉన్నాయి, అదేమిటో ఇంకా తెలియదు. రూల్సక్క ఎదురుగా స్టూలు లాక్కుని, మూడు వారాల కిందట విరిగిన క్లిప్పు దగ్గర మొదలుపెట్టింది.